కేకల మాస్టారి కోట

ఈసారి వదిలేది లేదు, నిన్న మీదైంది, మొన్న మీదైంది, ఇవాళ మాత్రం నాది అనుకున్నాడు కేకల మాస్టారు, కంప్యూటరు తెర మీద కొండ కింద నుంచి శత్రుసైన్యం బారులు తీరి పైకి పాకుతుంటే. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా కోటబురుజు మీదే పడుతోంది, దానికి ఇంకెక్కడా చోటు దొరకనట్టు. లేచి పరదా లాగి, మళ్ళీ వచ్చి కుర్చీ ముందుకు జరుపుకుని, కోట గుమ్మం ముందు నిలబడ్డ కాలిబంట్ల మీద మౌసు పెట్టి ఒక్కసారి నొక్కాడు. “ఉన్నాం దొరా, చెప్పండి!” అంది చెవిలో ఒక గొంతు. బొంగురుగా, నిండుగా, కాస్త కొంటెగా, పొట్టలోంచి తన్నుకొచ్చిన గొంతు. ఆహా, ఏం గొంతురా నాయనా, అని మురిసిపోయాడు మాస్టారు, పరాయివాణ్ణెవరినో మెచ్చుకున్నట్టు. పరాయివాడిది కాదు, తనదే. మెడకి పల్చటి గుడ్డ కట్టుకుని, ఆ గుడ్డ కింది చిల్లులోంచి ఊపిరి తీసుకుంటూ కూర్చున్న ఈ మనిషిదే ఒకప్పుడు ఆ గొంతు. లోపల పుండు లేచిందని పెద్ద డాక్టరు గొంతుపెట్టె మొత్తం తీసి పారేశాక, అది ఈ ఆటలో మిగిలింది.

మిగతా చోట్ల లేదా అంటే ఉంది, ఉండీ లేదు. సినిమాలో తెర మీద గుంపు అరుస్తుంది చూడండి, సంతలో, గొడవలో, యుద్ధంలో, ఆ అరుపులు షూటింగులో పట్టినవి కావు. తరవాత చీకటి గదిలో మైకు చుట్టూ నిలబడి కొందరు మనుషులు గొంతులు చించుకుంటే వచ్చినవి. ఆ కొందరిలో పెద్ద తలకాయ మాస్టారు, అందుకే ఆ పేరు. ఎన్ని సినిమాల్లో అరిచాడో ఆయనకే తెలీదు గానీ, ఏ సినిమాలోనూ ఇది నాది అని వేలు పెట్టి చూపించడానికి లేదు, గుంపులో కలిసిపోయింది. చావులకి మాత్రం ఆయన పెట్టింది పేరు. బాణం తగిలితే ఊపిరి లోపలికి పోవాలిరా, బల్లెం దిగితే బయటికి రావాలి, గోడ మీంచి పడేవాడు పడుతూ పడుతూ సన్నబడాలి, అని కొత్తవాళ్ళకి నేర్పేవాడు. పక్కింటివాళ్ళు మీ ఆయనేరీ అని అడిగితే, “చావడానికెళ్ళారు, సాయంత్రానికి వచ్చేస్తారు” అనేది వాళ్ళావిడ, చేతిలో గుడ్డ కత్తిరిస్తూ, తల కూడా ఎత్తకుండా. ఆ మాటకి కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు హడలిపోయేవారు.

నిచ్చెనలు! ఎడమ గోడకి నిచ్చెనలు వేస్తున్నారు, చూసుకోకపోతే కొంప మునిగేది. విలుకాళ్ళని అటు తిప్పాడు, రాళ్ళ బుట్టలు అటు దొర్లించాడు, నిచ్చెన ఒకటి వెనక్కి ఒరిగిపోయి అంత బరువూ కింద వాళ్ళ మీదే పడితే, ఎక్కండ్రా ఇంకా ఎక్కండి, అనుకున్నాడు మనసులో, కేకేసి అన్నంత గట్టిగా. మనసులో ఆయన ఇప్పటికీ కేకలే వేస్తాడు. ఈ కోట ఆయనకి కొత్త కాదు, ఒక సినిమాలో ఈ కోట కోసమే అరిచాడు. కొండమీద చిన్న కోట, రాజు లేడు, తిండి లేదు, కాలిబంట్ల నాయకుడు, గడ్డంవాడొకడు, మనుషుల్ని వెంటేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు, చివరికి అందరూ పోతారు, కోట కూలుతుంది. జనం ఏడ్చుకుంటూ బయటికొచ్చి, మళ్ళీ టికెట్టు కొనుక్కుని లోపలికెళ్ళారు. ఆ సినిమా చూసి వెర్రెక్కినవాళ్ళు కొందరు దాన్నే ఆటగా చేశారు. సినిమాలో పడిపోయిన కోటని ఆటలో నిలబెట్టుకోవచ్చు, చేతనైతే. అయితే ఆటకి గుంపు అరుపు పనికిరాదట, ఒక్కొక్క దళానికి ఒక్కొక్క గొంతు కావాలట. అలా మాస్టారు బతుకులో మొదటిసారి మైకు ముందు ఒంటరిగా నిలబడ్డాడు. పక్కన ఇటొకడూ అటొకడూ లేకపోతే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు ఆయనకి, కొత్త పెళ్ళికొడుకులా మెలికలు తిరిగిపోయాడు.

గడ్డం నాయకుడి గొంతు ఆయనది. పిలిస్తే పలకడం, పొమ్మంటే పోవడం, అలిసిపోవడం, చావడం, అన్నీ అరిచాడు. ఆఖర్న మిగిలింది గెలిచిన కేక. కోట నిలిచి, నాయకుడు కూడా ప్రాణాలతో ఉంటేనే ఆటలో ఆ కేక వినపడుతుంది. నాయకుడు పోయి కోట ఒక్కటే నిలిస్తే ఉత్త భేరీలు మోగి ఊరుకుంటాయి. ఆ భేరీలు కూడా ఒకసారి విన్నాడు మాస్టారు, విని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. కేక అరిచిన రోజు ఏమైందంటే, గొంతులో అప్పటికే మంట, మింగుడు పడటం లేదు, సౌండు ఇంజినీరు అద్దం అవతల నుంచి, “మాస్టారూ, ఇదొక్కటే, ఇంక ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ కాగితం పక్కన పెట్టేసి మీకు తోచింది అరిచెయ్యండి” అన్నాడు. అరిచాడు. ఏమరిచాడో గుర్తులేదు. ఇంజినీరు పొట్ట పట్టుకుని నవ్వడం గుర్తుంది, బాగుందని బొటనవేలు చూపించడం గుర్తుంది, ఏమరిచాడో మాత్రం ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళడం, ఆ తరవాత కత్తి. అంటే బతుకంతా అరిచిన మనిషి ఆఖరి కేక అదీ, అదేమిటో ఆయనకే తెలీదు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?

ఇంట్లో దాచుకున్నది ఏదైనా ఉందా అని కూతురు ఫోన్లన్నీ వెతికింది. ఎవరు దాస్తారు? పొద్దస్తమానం ఇంట్లో వినపడే గొంతుని ఎవరైనా పట్టి దాచుకుంటారా? పెళ్ళి వీడియోలో అల్లుడి చెయ్యి పట్టుకుని మాస్టారు ఏదో చెప్తూనే ఉంటాడు, పెదవులు కదుల్తూనే ఉంటాయి, మీద పాట పెట్టేశాడు ఆ వీడియోవాడు, వాడి చెయ్యి విరగ! ఈ ఆట తెచ్చి పెట్టింది కూడా కూతురే. “నాన్నా, ఆ చివర్న వచ్చే కేక ఎవరో ఒకళ్ళు గెలిచి నెట్లో పెట్టే ఉంటారు, వెతికి వినిపించనా?” అంటే, అరచెయ్యి అడ్డంగా ఊపి, ఫోను తీసుకుని, వద్దు, అని కొట్టి చూపించాడు. అది చాలక, వద్దంటే వద్దు, అని ఇంకోసారి కొట్టాడు. యుద్ధం ఎవడో చేసి, కోట ఎవడో గెలిస్తే, తగుదునమ్మా అని తను వెళ్ళి చివర్న తన కేక తను వినడమా? పిలవని విందుకెళ్ళి చెయ్యి కడుక్కున్నట్టుంటుంది. గెలిచే వింటాడు. “అచ్చం మీ నాన్నే, గొంతు పోయింది గానీ పొగరు పోలేదు” అంది వాళ్ళావిడ కూతురితో, ఆయన వినేలాగే.

కోట గుమ్మానికి శత్రువుల దూలం తగిలింది, ధన్‌మని. తలుపు బిగువు తగ్గుతున్నట్టు ఎర్రగీత కిందికి జారింది. “అలిసిపోయాం దొరా” అన్నాడు చెవిలో నాయకుడు. ఇదిగో, ఇక్కడే రోజూ పని చెడిపోయేది. అలిసిపోయాం అని తన గొంతే తనతో అంటుంటే మాస్టారికి నీరుగారిపోయేది, పాపం, పాపం, వెనక్కి వచ్చెయ్యండి నాయనా, అని కాలిబంట్లందర్నీ ఒక్కసారిగా వెనక్కి లాగేవాడు, నాయకుణ్ణి తీసుకెళ్ళి ధాన్యపు కొట్టు వెనక దాచేవాడు, వీళ్ళు ఊపిరి తీసుకునేలోపు వాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు. దాచిన నాయకుడు దాచినచోటే చచ్చేవాడు. నిన్న అలా ఓడిపోయి, కుర్చీలో వెనక్కి వాలి, ఎందుకిలా జరుగుతోంది అని ఆలోచిస్తుంటే, ఆలోచన ఆట మీద నిలవక ఎటో పోయి, పాత రికార్డింగు గదిలోకి వెళ్ళిపోయింది. గోడలకి మెత్తటి అట్టలు, అందరి చెమట వాసన, నేల మీద నీళ్ళ చెంబులు. కొత్తగా వచ్చినవాళ్ళంతా ఒక్కసారే గుండె నిండా గాలి పీల్చి, ఒక్కసారే అరిచి, ఒక్కసారే ఆగిపోయేవారు. “ఒరే, గొయ్యి పడిందిరా!” అని నెత్తి కొట్టుకునేవాడు మాస్టారు. అందరూ ఒకేసారి ఊపిరి తీస్తే అరుపులో గొయ్యి పడుతుంది, అక్కడ తెలిసిపోతుంది వీళ్ళు సైన్యం కాదు, గుప్పెడు మంది అని. ఒకడు పీల్చేటప్పుడు ఇంకొకడు అరవాలి, వాడు తగ్గేటప్పుడు వీడు లేవాలి, మధ్యలో గొయ్యి పడకూడదు. ఎవరెప్పుడు పీల్చాలో ఆయనే వెనక నుంచి భుజం తట్టి చెప్పేవాడు. అలా తడుతూ తడుతూ, తనూ అరుస్తూ, గుప్పెడు మందితో మహాసైన్యాల్ని నిలబెట్టాడు. మరి ఇక్కడ చేస్తున్నదేమిటి? తనే గొయ్యి పెడుతున్నాడు! అని నిన్న కుర్చీలోంచి లేచి, చప్పట్లు కొట్టుకున్నంత పని చేశాడు.

అందుకే ఇవాళ నాయకుణ్ణి అలవాటుగా ధాన్యపు కొట్టు వెనకే ఉంచి, కాలిబంట్లని వరసలుగా విడగొట్టాడు. ముందు వరస పోరాడుతుంటే వెనక వరస ఊపిరి తీసుకుంటోంది, ముందువాళ్ళు తగ్గకముందే వెనకవాళ్ళ మీద మౌసు నొక్కి, పద, అంటున్నాడు, భుజం తట్టినట్టే. వాడు తగ్గేటప్పుడు వీడు లేవాలి. “పదండిరా!” అంటోంది చెవిలో గొంతు. దూలం మళ్ళీ తగిలింది, తలుపు అదిరింది గానీ విరగలేదు, గుమ్మం ముందు మనుషులు పల్చబడలేదు, గొయ్యి లేదు, ఎక్కడా గొయ్యి లేదు! శత్రువు గుర్రాలు వచ్చి, చోటు దొరక్క, అక్కడే చక్కర్లు కొడుతున్నాయి. ఏరా, ఏమనుకున్నారు, అనుకుంటూ మెడ దగ్గర గుడ్డ సర్దుకున్నాడు, ఉత్సాహానికి ఊపిరి వేగమై గుడ్డ లోపలికి అంటుకుపోతోంది.

గోడకవతల కుట్టుమిషను టకటకలాడుతోంది, ఆగుతోంది, మళ్ళీ టకటకలాడుతోంది. ఆవిడ ఎవరిదో జాకెట్టు వదులు చేస్తోంది. ఆ మిషను శబ్దం ఒక్కటే ఇప్పుడు ఈ ఇంట్లో గట్టి శబ్దం. ఆసుపత్రిలో మెలకువ రాగానే మాస్టారు మొదట చెయ్యబోయిన పని ఆవిణ్ణి పిలవడం. నోరు తెరిచాడు, నాలిక కదిలింది, పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. పక్కనే ఉన్న ఆవిడ చూడనట్టే దుప్పటి సర్దింది. తరవాత మెడకి ఆనిస్తే మాట వినిపించే మిషను ఒకటి ఇచ్చారు, దానితో పిలిస్తే ఆవిడ, “దోమ గొంతాయనెవరో మాట్లాడుతున్నట్టుందండీ, వద్దు, చప్పట్లు కొట్టండి చాలు” అంది. అప్పటినుంచీ చప్పట్లే. ఆవిడ రెండు వైపుల మాటలూ తనే మాట్లాడుకుంటుంది, “కూరలో ఉప్పు తక్కువైందంటారు, అంతేగా, వేసుకోండి, ఎవరొద్దన్నారు, మీ పోట్లాట కూడా నేనే పోట్లాడుకోవాల్సొస్తోంది.” అలా ఒక్కతే రెండు గొంతులు చేస్తుంటే మాస్టారికి నవ్వూ వచ్చేది, గుండెల్లో కలుక్కుమనేది కూడా. ఆట మొదలెట్టిన రోజు ఇవేమీ ఆలోచించకుండా శబ్దం పైకే పెట్టి ఆడాడు. కోటగోడ మీంచి ఒకడు పడ్డాడు, మాస్టారి పాత చావుకేక ఇల్లంతా మోగింది, అంతే, వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు, ఆవిడ పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. “ఆ చావుకేకలు ఇంక నా చెవిన పడనివ్వకండి,” అంది, “నిజంగా చావబోయి వచ్చారు, అది చాలు.” ఆ రోజే తలకి ఈ హెడ్‌ఫోను తగిలించుకున్నాడు.

కానీ ఈ యుద్ధం ఇలా తెగేది కాదు. వరసలు నిలబడుతున్నాయి, వాళ్ళు రావడం ఆపడం లేదు. ఇలా ఎంతసేపైనా నిలబడొచ్చు, గెలవడానికి మాత్రం కుదరదు, కొండ దిగువన నల్ల జెండా పట్టుకుని కూర్చున్న వాళ్ళ సేనాపతి కదలనంతసేపూ వాళ్ళకి కొత్త మనుషులు వస్తూనే ఉంటారు. ఆ జెండా పడాలి. దాన్ని పడగొట్టే సత్తా ఉన్నవాడు ఒక్కడే, ధాన్యపు కొట్టు వెనక ఉన్నాడు, గడ్డం నాయకుడు. మాస్టారి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. పంపిస్తే పోతాడేమో. పోతే మళ్ళీ భేరీలు. భేరీలు కాదు, భేరీలదేముంది, పోయేటప్పుడు వాడు అరిచే అరుపు ఉందే, అది తనదే, బల్లెం దిగినప్పటి ఊపిరి బయటికొచ్చే అరుపు, దాన్ని ఇంక వినలేడు. పోనీ దాచుకుంటే? దాచుకుంటే ఉంటాడు, కొట్టు వెనక, పలక్కుండా, ఉలక్కుండా, క్షేమంగా. అచ్చం ఈ గదిలో తను కూర్చున్నట్టు. ఛీ, అనుకున్నాడు మాస్టారు, ఛీ, ఇదీ ఒక ఉండటమేనా, అరవడానికి పుట్టినవాణ్ణి దాచిపెట్టి ఏం చేసుకుంటావు, ముద్దు పెట్టుకుంటావా? మౌసు నొక్కాడు. “చెప్పండి దొరా!” కొండ దిగువన నల్ల జెండా మీద నొక్కాడు. “పదండి! ఇవాళ మనదే!” అంది ఆ గొంతు, ఏ అనుమానమూ లేకుండా. ఆ మాట అరిచిన రోజు గొంతులో మంట ఉన్నట్టు కూడా తెలీడం లేదు, అంత శుభ్రంగా ఉంది.

తలుపు తెరిచి నాయకుడు బయట పడ్డాడు, వెనకే ఊపిరి తీసుకుని ఉన్న వరస, వాళ్ళు బయటికి పోగానే ఆ ఖాళీలోకి ఇంకో వరస, గొయ్యి పడకూడదు, గొయ్యి పడకూడదు, ఎడమ గోడ మీద విలుకాళ్ళు దారి పొడుగునా బాణాలు కురిపిస్తుంటే గుర్రాలు చెదిరాయి, ఒక గుర్రం తిన్నగా నాయకుడి మీదికే, తప్పించుకో, తప్పుకున్నాడు, పక్కనున్నవాడు పడ్డాడు, ఆ అరుపు వినకుండానే మాస్టారు ఇంకోడి భుజం తట్టాడు, నాయకుడి ప్రాణంగీత సగమైంది, సగంలో సగమైంది, “అలిసిపోయాం దొరా” అన్నాడు, తెలుసురా, నాకు తెలీదా నీ అలుపు, ఇంకొక్క అడుగు, ఇంకొక్కటి, వెనక వరసని ముందుకి తోసి వాడికి ఊపిరి పీల్చుకునేంత చోటు ఇచ్చి, పీల్చుకున్నావా, ఇప్పుడు లే, అని జెండా మీద నొక్కితే, ప్రాణంగీత నూలుపోగంత మిగిలి ఉండగా, వాడు లేచాడు. కత్తి తిరిగింది. నల్ల జెండా ముందు కొంచెం వాలి, తరవాత పూర్తిగా వాలి, సేనాపతి మీదే పడింది. కొండ కింద ఎక్కడో కొమ్ము ఊదారు, పాకుతున్న బారులన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి, అందరూ ఒక్కసారే, గొయ్యి! వాళ్ళలో పడింది గొయ్యి! పారిపోతున్నారు! మాస్టారు లేచి నిలబడ్డాడు, ఎప్పుడు లేచాడో తెలీదు, చేతులు రెండూ పైకి ఉన్నాయి, గెలిచాను, గెలిచానర్రా, చచ్చి చచ్చి చివరికి ఒక్కసారి గెలిచాను!

నాయకుడు కుంటుకుంటూ కోట వైపు నడిచి వస్తున్నాడు. ఇప్పుడు అరుస్తాడు. ఏమరుస్తాడో, తిట్టో, కూతో, బూతో ఏమో, ఆ ఇంజినీరు పొట్ట పట్టుకుని నవ్వాడు కదా. ఏదైనా సరే, ఇది చావుకేక కాదు, గెలుపు కేక, దీన్ని చెవుల్లో దాచుకుని ఒక్కడే వినడమేమిటి? హెడ్‌ఫోను లాగి పడేశాడు, తీగ ఊడిపోయింది. కోట గుమ్మం ముందు గడ్డం నాయకుడు ఆగి, తలెత్తి, నోరు తెరిచాడు, ఇల్లంతా దద్దరిల్లింది.

“ఏమోయ్! తలుపు తియ్యి! వచ్చేశా!”

కాగితం మీద వేరే ఏదో ఉండేది, కోట తలుపులు తెరవండి, విజయం మనది, అలాంటిదేదో. పక్కన పెట్టి తోచింది అరవమంటే, ఆ అలుపులో, ఆ మంటలో, ఇంక ఇంటికెళ్ళిపోవచ్చని విన్న మనిషికి తోచింది ఇదీ. పెళ్ళయిన నాటి నుంచీ మాస్టారు గుమ్మం దగ్గర గంట నొక్కి ఎరగడు. మెట్లెక్కుతూనే, సగం దారిలోనే, పక్కిళ్ళవాళ్ళకి కూడా సాయంత్రమైందని తెలిసేలా ఇదే కేక. యుద్ధం గెలిచిన వీరుడి చేత ఈ కేక వేయించి వచ్చాడా తను! అని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. తెర మీద కోట తలుపులు మెల్లగా తెరుచుకుంటున్నాయి.

గోడకవతల కుట్టుమిషను ఆగింది. స్టూలు జరిగిన చప్పుడు. అడుగులు, గబగబా, చెప్పులు కూడా లేకుండా, ఈ గది దాటుకుని ముందు గదిలోకి. గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది, బయట వీధిలో పోతున్న బండి శబ్దం లోపలికి వచ్చింది. మాస్టారు చప్పట్లు కొడదామని చేతులెత్తి, కొట్టలేక, అలాగే ఉండిపోయాడు.

ఆవిడ వచ్చి గది గుమ్మంలో నిలబడింది. భుజం మీద దారప్పోగులు, వేలికి ఇంకా కుట్టుపని తొడుగు, కళ్ళ నిండా నీళ్ళు. తెర వైపు చూసింది, తెరుచుకుని ఉన్న కోట వైపు, దాని ముందు రొప్పుతున్న గడ్డంవాడి వైపు. తరవాత మొగుడి వైపు తిరిగింది.

“ఇంతసేపేం చేశారు?” అంది.

మాస్టారికి అప్పుడొచ్చింది నవ్వు. శబ్దం లేని నవ్వు, మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడే నవ్వు. ఆవిడ కూడా నవ్వింది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ. “మళ్ళీ ఒక్కసారి పిలవండి,” అంది. మాస్టారు తెర వైపు చెయ్యి చూపించి, కొండ కిందికి చూపించి, నిచ్చెనలు వేస్తున్నట్టు, కత్తి తిప్పుతున్నట్టు అభినయం చేసి, ఇదంతా మళ్ళీ మొదటి నుంచీ చేస్తే గానీ పిలవడానికి కుదరదని ఎలాగో అర్థమయ్యేలా చెప్పాడు. ఆవిడ పక్క గదిలోకి వెళ్ళి, మిషను ముందున్న స్టూలు తెచ్చి ఆయన పక్కన వేసుకుంది.

“అయితే చెయ్యండి యుద్ధం. ఆ జాకెట్టు రేపిస్తానని చెప్తాలెండి,” అంది.